ఉసిరి, తవుడు, బావంచాలు, గ్రీన్ టీ: ముఖానికి రాసుకునే యాంటీఆక్సిడెంట్లలో ఎవరికి ఏది?

అమలాపురం, భీమవరం, రాజమండ్రి... ఏ ఊళ్ళో ఫ్యాన్సీ షాపుకెళ్ళినా అద్దాల అరలో ఇప్పుడు సీరమ్ సీసాలదే రాజ్యం. ఒకదాని మీద నారింజ బొమ్మ, ఇంకోదాని మీద టీ ఆకు, పక్కదాని మీద పసుపు కొమ్ము. అన్నీ చెప్పేది ఒకటే, వయసు కనపడనివ్వమని. ధరలు మాత్రం కొన్ని వందల నుంచి కొన్ని వేల దాకా. మా వదినది ఇంకో ప్రశ్న: "దొడ్లో ఉసిరిచెట్టు ఉంది, మిల్లుకెళ్తే తవుడు దొరుకుతుంది, మళ్ళీ ఈ సీసాలెందుకు?" న్యాయమైన ప్రశ్నే.

నా లెక్కలో మొక్క పేరు చూసి కొనడం దండగ. అందులోని పదార్థం చెడిపోకుండా చర్మం లోపలికి దిగే రూపంలో ఉందా? మీ ముఖం మీదున్న సమస్యకి అది పనికొస్తుందా? చూడాల్సినవి ఈ రెండే. ఇలా వడబోస్తే సగం సీసాలూ, వంటింటి చిట్కాల్లో చాలా భాగమూ వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

ముందు ఎండ సంగతి

ముఖం ముదిరిపోవడంలో ఎక్కువ వాటా ఎండదే. అందులోని యూవీబీ కిరణాలు చర్మాన్ని పైపైన కమిలిస్తాయి. యూవీఏ ఇంకా లోతుకి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ ఉండే పొర దాకా దిగుతుంది. మబ్బు పట్టినా, కారు అద్దం ఎత్తినా అది పూర్తిగా ఆగదు. దిగిన చోట ఫ్రీ రాడికల్స్ అనే నిలకడలేని అణువులు పుడతాయి. అవి కణాల్ని దెబ్బతీయడంతో ఊరుకోవు, కొల్లాజెన్‌ని ముక్కలు చేసే ఎంజైముల్ని కూడా పెంచుతాయి. వాటిని అణిచేవే యాంటీఆక్సిడెంట్లు. చర్మానికి సొంతంగా అలాంటి విటమిన్ సి, విటమిన్ ఇ నిల్వలుంటాయి కానీ ఎండ తగిలేకొద్దీ తరిగిపోతుంటాయి. బయటి నుంచి యాంటీఆక్సిడెంట్ రాయడమంటే ఆ తరుగుని కొంత పూడ్చడం. పదేళ్ళు వెనక్కి తీసుకెళ్తుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

ఇంకో విషయం. ప్రకటనలన్నీ ముడతల చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే తెల్లతోలు వాళ్ళకి ముందు వచ్చేవి అవే. మన గోధుమరంగు, చామనచాయ చర్మాల్లో మెలనిన్ అనే రంగు పదార్థం కొంత కాపు కాస్తుంది కాబట్టి ముడతలు ఆలస్యం. మనకి వయసు ముందు రంగులో బయటపడుతుంది. బుగ్గల మీద మంగు, నుదుటి అంచున నలుపు, పెదాల చుట్టూ మసక. రొయ్యల చెరువు గట్టు మీద పగలంతా ఉండేవాళ్ళకీ, ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేవాళ్ళకీ, స్కూటీ మీద రోజూ పక్క ఊరి బడికో బ్యాంకుకో వెళ్ళే టీచర్లకీ ఉద్యోగినులకీ మొదటి ఫిర్యాదు ఇదే. మంగుని కంటికి కనిపించే వెలుతురు కూడా ముదరబెడుతుంది. మామూలు సన్‌స్క్రీన్లు దాన్ని పెద్దగా ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్, అంటే టింటెడ్ రకం, కొంత ఆపుతుంది.

కాబట్టి ఒక్కదానికే డబ్బులున్నాయంటే సన్‌స్క్రీన్ కొనండి, ఈ వ్యాసంలో మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించి, యూవీఏని ఎంత ఆపుతుందో చెప్పే పీఏ పక్కన కనీసం మూడు ప్లస్‌లు. ముఖానికీ మెడకీ రెండు వేళ్ళ పొడవునా పిండినంత కావాలి. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. మే నెల ఉక్కపోతలో రెండు గంటలు కూడా నిలవదు, చెమటకి కారిపోతుంది. అందుకే గొడుగు, తలగుడ్డ, చీర కొంగు ఏవీ పాతకాలం సంగతులని వదిలేయకూడదు. సన్‌స్క్రీన్ ఆపలేకపోయిన దాని సంగతి చూడటానికే యాంటీఆక్సిడెంట్.

విటమిన్ సి, దానికి తోడు తవుడు సారం

వరసలో మొదట నిలబెట్టాల్సింది దీన్నే, ఆధారాలు ఎక్కువున్నది దీనికే కాబట్టి. 2005లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి 0.5 శాతం ఫెరూలిక్ యాసిడ్ అనే మొక్కల యాంటీఆక్సిడెంట్ కలిపి పంది చర్మం మీద పరీక్షించారు. ఎండదెబ్బ నుంచి కాపుదల నాలుగు రెట్ల నుంచి ఎనిమిది రెట్లకి పెరిగింది. సీసాలో సి, ఇ రెండూ చెడిపోకుండా నిలవడానికి కూడా అది సాయపడింది. ఇప్పుడు బజార్లో 'సి, ఇ, ఫెరూలిక్' అని కనపడే సీసాలన్నిటికీ మూలం ఈ కలయికే.

ఈ ఫెరూలిక్ యాసిడ్ బాగా దొరికే చోట్లలో వరి తవుడు ఒకటి. మండపేటలో, తణుకులో, తాడేపల్లిగూడెంలో మిల్లుల నుంచి పశువుల దాణాకీ నూనె ఫ్యాక్టరీలకీ లారీల్లో వెళ్ళే తవుడే. అలాంటప్పుడు తవుడు, పెరుగు కలిపి ముఖానికి పట్టిస్తే సరిపోదా అంటే, సరిపోదు. తవుడులో అది ఎక్కువగా గోడకి అతికినట్టు పీచుకి అంటుకుని ఉంటుంది. క్షారంతోనో ఎంజైములతోనో విడగొడితేగానీ బయటికి రాదు. అదీగాక బియ్యం పట్టిన వెంటనే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెని విడగొట్టడం మొదలుపెడుతుంది, నాలుగు రోజులు నిలవుంటే ముక్క వాసన. అది ముఖానికి రాస్తే యాంటీఆక్సిడెంట్ మాట అటుంచి, చెడిపోయిన నూనె పూసుకున్నట్టవుతుంది. గేదెకి పెట్టండి, పాలైనా ఇస్తుంది.

ఉసిరిదీ ఇంచుమించు ఇదే కథ. కాయలో విటమిన్ సి పుష్కలమే, వంద గ్రాములకి కొన్ని వందల మిల్లీగ్రాములు. శాతంలో చెప్పాలంటే ఒకటి కంటే తక్కువ. చర్మంలోకి విటమిన్ సి దిగాలంటే 10 నుంచి 20 శాతం గాఢత, పీహెచ్ 3.5 కంటే తక్కువ (అంటే బాగా పుల్లగా) ఉండాలని 2001లో తేల్చారు. ఇరవై దాటితే అదనపు లాభం లేదు, మంట తప్ప. కాబట్టి ఉసిరిని పచ్చడి పెట్టుకోండి, కార్తీకంలో దాని కింద వనభోజనం చేయండి, రసం మాత్రం ముఖానికి వద్దు.

సీసాలోని విటమిన్ సి కూడా పండు నుంచి పిండింది కాదు. గ్లూకోజు నుంచి ఫ్యాక్టరీలో తయారవుతుంది. అణువు అదే, పనీ అదే. నారింజ బొమ్మ అలంకారం, అంతే. 'సహజం' అన్న మాటకి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదని చెప్పడానికే ఇది ఎత్తాను.

దీనితో వచ్చే తలనొప్పులు రెండు. మొదటిది మంట. లేబుల్ మీద ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ అని ఉన్నది పుల్లటి ద్రావణం. మన రంగు చర్మానికి మంట పుడితే ఆ మంట తగ్గాక నల్లమచ్చ మిగులుతుంది, అంటే మచ్చ పోవాలని రాసింది మచ్చ తెస్తుంది. అందుకే 10 శాతంతో, రోజు విడిచి రోజు మొదలుపెట్టడం నయం. ఇథైల్ ఆస్కార్బిక్ యాసిడ్, సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అనేవి మెత్తటి రూపాలు, చప్పున పాడవవు. వాటికి రుజువులు తక్కువే గానీ, సున్నిత చర్మం వాళ్ళు అటే మొగ్గడం మంచిది. రెండోది మన వాతావరణం. వేడికీ వెలుతురుకీ గాలికీ ఇది విరిగిపోతుంది. నీళ్ళలాగో లేత గడ్డి రంగులోనో ఉన్నంతవరకు పర్వాలేదు, టీ డికాషన్ రంగుకి తిరిగితే పారేయండి. ముదురు రంగు చిన్న సీసా కొనండి, ఫ్రిజ్ తలుపులో పెట్టండి. షాపు ముందు ఎండ పడే అరలో నెలల తరబడి నిలబెట్టిన సీసాని సగం ధరకిచ్చినా వద్దు.

బావంచాలు, అంటే బకూచియోల్

మూలికల కొట్లో బొల్లి మందుగా బావంచాలు అమ్మడం మనవాళ్ళకి కొత్త కాదు. ఆ గింజల నుంచి వేరుచేసిన బకూచియోల్‌ని ఇప్పుడు సౌందర్య ప్రపంచం, ముడతలకి రాసే విటమిన్ ఎ రూపమైన రెటినాల్‌కి బదులని మోస్తోంది. ఇది కేవలం యాంటీఆక్సిడెంట్ కాదు. కొల్లాజెన్ విషయంలో రెటినాల్ లాంటి పని కూడా కొంత చేస్తుంది. అందుకే ముడతలు నిజంగా మొదలైనవాళ్ళకి ఈ జాబితాలో నేను చూపించేది దీన్నే.

2019లో ఒక బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 44 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు 0.5 శాతం బకూచియోల్ రోజుకి రెండుసార్లు, ఇంకో జట్టు 0.5 శాతం రెటినాల్ రోజుకి ఒకసారి, 12 వారాలు రాసుకున్నారు. ముడతలు, నలుపు రెండు జట్లలోనూ దాదాపు సమానంగా తగ్గాయి. పొట్టు రేగడం, చురచురలాడటం రెటినాల్ వాళ్ళకే ఎక్కువ. వినడానికి బాగుంది కానీ 44 మంది చిన్న సంఖ్య. డాక్టరు రాసే, రెటినాల్ జాతి మందే అయిన ట్రెటినాయిన్‌కి 1980ల నుంచి పోగైన రుజువుల ముందు ఇది ఇంకా కుర్రది. ట్రెటినాయిన్ తట్టుకునేవాళ్ళకి అదే గట్టిది. తట్టుకోలేనివాళ్ళకి, నెలల తరబడి ఎర్రటి ముఖంతో తిరగడం ఇష్టం లేనివాళ్ళకి బకూచియోల్. గర్భిణులకి రెటినాల్ రకాలు వద్దంటారు. దానికి బదులుగా బకూచియోల్‌ని వాళ్ళకి అంటగట్టే ప్రకటనలున్నాయి కానీ, ఆ సమయంలో డాక్టర్ని అడక్కుండా ఏదీ మొదలుపెట్టకపోవడమే మంచిది.

అన్నిటికంటే ముఖ్యం, గింజలు తెచ్చి ఇంట్లో నూరకండి. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది, అది చర్మాన్ని ఎండకి లొంగదీస్తుంది. బొల్లి వైద్యంలో దాన్ని వాడేదే అందుకు. ఆ ముద్ద రాసుకుని మన ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కుతాయి. శుద్ధి చేసిన బకూచియోల్‌లో ఆ బెడద ఉండదు. ఇంటి వైద్యం కంటే సీసా క్షేమమని నేను ఖాయంగా చెప్పగలిగిన చోటు ఇది.

గ్రీన్ టీ, సరస్వతి ఆకు

ఇవి రెండూ మంట చల్లార్చే రకం. ఏది రాసినా దద్దుర్లొచ్చే చర్మానికీ, మొటిమలు తగ్గీ తగ్గనట్టున్న జిడ్డు ముఖానికీ ఇక్కడి నుంచి మొదలుపెట్టడం తెలివైన పని. గ్రీన్ టీలో ఈజీసీజీ అనే యాంటీఆక్సిడెంట్ ఉంటుంది. ముందుగా గ్రీన్ టీ సారం రాసి తర్వాత యూవీ కిరణాలు పెడితే ఎర్రబడటం, డీఎన్ఏ దెబ్బతినడం తగ్గాయని మనుషుల చర్మం మీదే చూశారు. అయితే ఇదీ గాలి తగిలితే గోధుమరంగుకి మారిపోయే పదార్థమే. పైగా 500 డాల్టన్లు (అణువు బరువుకి కొలత) దాటిన అణువులు చర్మంలోకి దిగడం కష్టమని ఒక లెక్క ఉంది. ఈజీసీజీ 458 దగ్గరుంది, అంటే గుమ్మం దగ్గర ఇరుక్కునే రకం. విటమిన్ సి 176, ఫెరూలిక్ 194, బకూచియోల్ 256. ఇవి సులువుగా తలుపు దాటే సైజులే. కాచిన గ్రీన్ టీ చల్లార్చి ముఖానికి అద్దుకుంటే హాని లేదు, హాయిగా ఉంటుంది. అంతకు మించి లెక్క వేసుకోకండి.

సరస్వతి ఆకు మన కాలవ గట్ల మీద, చెమ్మ తగిలే ప్రతి చోటా పాకుతుంది. లేబుళ్ళ మీద సెంటెల్లా అని కనపడేది ఇదే. అందులోని మాడెకాసోసైడ్ 0.1 శాతం, విటమిన్ సి 5 శాతం కలిపిన క్రీము ఆరు నెలలు వాడితే ముడతలు, సాగే గుణం మెరుగుపడ్డాయని 2008 నాటి అధ్యయనం ఒకటుంది. నడివయసులో చర్మం పల్చబడి మంట పుట్టే ఆడవాళ్ళకి ఈ జోడీ నాకు నచ్చుతుంది. గట్టు మీద ఆకు కోసుకొచ్చి నూరడం మాత్రం వద్దు. ఆ కాలవలోకి చేల మందులు, చెరువుల నీళ్ళు, ఊరి మురుగు అన్నీ దిగుతాయి.

పసుపు, అతిమధురం

పసుపు మీద మాట అనడం మన దగ్గర సాహసమే. అందులోని కుర్కుమిన్ పరీక్షనాళికలో గొప్ప యాంటీఆక్సిడెంట్. చర్మం దగ్గరికొచ్చేసరికి వెలుతురుకి విరిగిపోతుంది, సరిగ్గా దిగదు, రంగు మిగులుస్తుంది. రంగు లేని టెట్రాహైడ్రోకుర్కుమిన్ రూపంలో ఉంటే కొంత ఆశ పెట్టుకోవచ్చు. భోగి నాడో పెళ్ళిలోనో పెట్టే నలుగు వేరు. అది సంబరం, మురికి వదలడం, నూనె మర్దన, అంతా బాగానే ఉంటుంది. మంగు ఉన్న బుగ్గల మీద మాత్రం గట్టిగా రుద్దకండి, రాపిడికి ఇంకా నల్లబడుతుంది. విడి పసుపు పొడిలో సీసం కలిసిన రంగు కల్తీ చేసే వాళ్ళున్నారు. నలుక్కి వాడేది కొమ్ములు కొని పట్టించుకున్నదైతే నిశ్చింత.

అతిమధురంలోని గ్లాబ్రిడిన్ మెలనిన్ తయారీని కొంత నెమ్మదింపజేస్తుంది. ముడతలకి దీన్ని వాడొద్దు, మంగుకి వాడొచ్చు. నెమ్మదైన మందు, మూడు నెలలకి ముందు తేడా వెతక్కండి.

చప్పున తేల్చేయదగ్గవి

ద్రాక్షలోని రెస్వెరట్రాల్ మంచిదే, వెలుతురు పడదు, రాత్రి రాసుకునే క్రీములో ఉంటే సరే. దానికోసమే వెతుక్కుని కొనక్కర్లేదు. కొబ్బరినూనె గురించి చెప్తే కోనసీమ వాళ్ళకి కోపం రావచ్చు. అందులో దాదాపు సగం లారిక్ యాసిడ్, యాంటీఆక్సిడెంట్లు నామమాత్రం. చలికాలం చేతులకీ కాళ్ళకీ అంతకన్నా మంచిది లేదు, ముఖం మీద మొటిమల వాళ్ళకి చేటు. ఎండని ఆపుతుందనుకోవడం భ్రమ. కడియం నర్సరీ నుంచి తెచ్చిన కలబంద గుజ్జు తేమనిస్తుంది, కోసినప్పుడు కారే పసుప్పచ్చ పాలు కడిగేసి వాడాలి. నిమ్మచెక్క వద్దే వద్దు. దాని రసం తగిలిన చోట ఎండ పడితే కాలినట్టు నల్లటి చారలు తేలతాయి, నెలలకీ పోవు.

సీసా వెనక ఏం చూడాలి

పదార్థాల పేర్లు ఎక్కువ నుంచి తక్కువకి వరసలో ఉంటాయి. ఒక శాతం లోపువి చివర్లో ఎటైనా ఉండొచ్చు. అట్ట మీద పెద్దగా రాసిన మొక్క పేరు వెనక వరసలో సువాసన పదార్థం తర్వాత కనపడితే, అది పేరుకే ఉన్నట్టు. మంచి కంపెనీ శాతం చెప్తుంది. 'వెయ్యి రెట్లు శక్తి' లాంటి పరీక్షనాళిక అంకెల్ని పట్టించుకోకండి. ఆహారపదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తికి ఓఆర్ఏసీ అనే అంకెలిచ్చే పట్టికని అమెరికా వ్యవసాయశాఖే 2012లో తీసేసింది, వ్యాపారులు వాటిని దుర్వినియోగం చేస్తున్నారనే.

మరి ఎవరికి ఏది?

చెరువు దగ్గరో చేలోనో పగలంతా గడిపేవాళ్ళకి సీరమ్ ఖర్చు అనవసరం. తలగుడ్డ, గొడుగు, జిడ్డు తక్కువగా ఉండే సన్‌స్క్రీన్ చాలు, వాటినే రోజూ వాడటం కష్టం. ముప్పై దాటి బుగ్గల మీద మంగు మొదలైన ఉద్యోగినికి పొద్దున్న విటమిన్ సి, దాని మీద టింటెడ్ సన్‌స్క్రీన్. మంట పుడితే విటమిన్ సి మానేసి అతిమధురం ఉన్నది. యాభై దాటి కళ్ళ పక్కన గీతలు పడ్డవాళ్ళకి రాత్రి బకూచియోల్, పగలు సన్‌స్క్రీన్, ఓపికుంటే డాక్టరు దగ్గర ట్రెటినాయిన్. ఏదీ పడని చర్మానికి సెంటెల్లా ఒక్కటే, నెల తర్వాత గ్రీన్ టీ. ఇరవై ఏళ్ళ పిల్లలకి ఇవేవీ వద్దు, సన్‌స్క్రీన్ అలవాటు చేయండి. రెండు కొత్తవి ఒకేసారి మొదలుపెడితే ఏది పడలేదో తేల్చుకోలేరు. ముందు చెవి వెనక రాసి రెండు మూడు రోజులు చూడటం మరవకండి.

చివరిగా, మొక్కలతో సంబంధం లేకపోయినా చెప్పి తీరాల్సిన మాట. కొన్ని మెడికల్ షాపుల్లో మంగు అని అడిగితే "ఆయ్, వారంలో తెల్లగా అయిపోద్దండి" అని ఒక చిన్న ట్యూబ్ చేతిలో పెడతారు. వారంలో పని చేసేది ఏ మొక్కా కాదు, అందులో స్టెరాయిడ్ ఉండి ఉండొచ్చు. 2018లో పలు స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చినా అమ్మకం ఆగలేదు. మొదట్లో ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి నరాలు, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు. అలాంటిది ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే, దాని మీద ఏ సీరమూ రాయకండి. ఒక్కసారిగా ఆపేస్తే ముఖం భగ్గుమంటుంది కాబట్టి సొంతంగా మానేయనూ వద్దు. కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) చర్మవ్యాధుల ఓపీకో, దగ్గర్లోని చర్మవైద్యుల దగ్గరికో వెళ్ళండి, ఆ ట్యూబ్ కూడా పట్టుకెళ్ళండి.